ఈటెల ఎదుట గుర్రం

విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో ఆర్వెల్ టోస్ట్రుడ్ వారమంతా పాల లారీ తోలేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వీరుడు. లోవెల్ ఇనపసామాన్ల కొట్టు వెనకగదిలో నలుగురు స్నేహితులు బల్ల చుట్టూ చేరి, కత్తులూ కోటలూ ఉన్న కాలపు యుద్ధాలని నోటిమాటలతోనే ఆటగా ఆడేవారు. గెలుపోటములు పాచికలు తేల్చేవి. గుర్రపు యుద్ధానికి నియమాలు రాసింది ఆర్వెల్. మిగతావాళ్ళకి గుర్రమంటే బొమ్మల్లో చూసిందే మరి.

“ఈటెల వరుస ఎదురైతే గుర్రం మొరాయిస్తుంది. ఇరవై ముఖాల పాచిక వెయ్యి. పది దాటితేనే దూకుతుంది,” అనేవాడు.

“నీ గుర్రాలకి పిరికిమందు నూరిపోశావేంట్రా! సగం యుద్ధం వాటిని బతిమాలడానికే సరిపోతోంది,” అని లోవెల్ విసుక్కునేవాడు.

“పిరికితనం కాదురా, బుద్ధి. కావాలంటే మా బర్డీనడుగు.”

బర్డీ అతని ముసలి ఆడగుర్రం. లారీ ఎక్కమంటే చచ్చినా ఎక్కదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఇరవై ఆరేళ్ళ కుంటిదానికీ తప్పదు. ఆ ఏడు ఆకు రాలే కాలంలో ఆర్వెల్ పొలం చేజారింది. ఊళ్ళో అద్దెగదిలోకి గుర్రాన్ని తీసుకెళ్ళలేడు. అడిగిన ప్రతివాడూ తలడ్డంగా ఊపాడు. చివరికి కబేళా లారీకి కబురంపి, మనసులో ఒట్టు పెట్టుకున్నాడు: అది మొరాయిస్తే పంపను, ఎవరి కాళ్ళయినా పట్టుకుని చోటు సంపాదిస్తాను. మొరాయిస్తుందని గట్టి నమ్మకం.

మొరాయించింది కూడా. డ్రైవరు లాగాడు, అదిలించాడు. నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడింది. ఆర్వెల్‌కి ప్రాణం లేచొచ్చింది.

“నావల్ల కాదు పెద్దాయనా. నువ్వోసారి పట్టు,” అంటూ డ్రైవరు తాడు అందించాడు.

నన్నడిగితే డ్రైవరు తప్పేమీ లేదు. ఆర్వెల్ చేతికున్న ఇరవై ఆరేళ్ళ అలవాటు చేసిన పని అది. వద్దనాల్సిన నోరు పెగలకముందే ఆర్వెల్ చెయ్యి తాడందుకుంది. నాలుగడుగులు వేసి తిరిగి చూసేసరికి బర్డీ అతని వెనకే లారీలో ఉంది, అతని భుజానికి ముక్కు ఆనించి. ఆర్వెల్ దిగగానే డ్రైవరు తలుపు వేశాడు.

ఆ ఆదివారం లోవెల్ తన గుర్రాన్ని ఈటెల మీదికి మళ్ళించి పాచిక అందుకున్నాడు.

“వెయ్యకు,” అన్నాడు ఆర్వెల్. “ఆ నియమం తప్పు.”

“ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తోడి, ఇప్పుడు తప్పంటావేంట్రా?” లోవెల్ నవ్వాడు. “మరెలా ఉండాలంటావ్?”

ఆర్వెల్ కాగితం లాక్కుని ఆ వాక్యం కొట్టేశాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

“పెంచినవాడు ముందు నడిస్తే వెళ్ళిపోతుందిరా. పాచిక అక్కర్లేదు.”