ప్రార్థనలో తల వంచిన మోతి

మట్టితో మనిషిని చేసి, మాట రాని ప్రాణులను కూడా మన గడప దాకా నడిపించిన దేవునికి స్తోత్రం. ఈ వయసులోనూ నాకు జ్ఞాపకశక్తిని నిలిపి ఉంచినందుకు మరొక స్తోత్రం. మొన్న మనవరాలు పెంచుకుంటున్న కుక్క టీవీలో పాట వస్తుంటే తల ఒక పక్కకు వంచి కూర్చుంది. ఇంటిల్లిపాదీ ముచ్చటపడి ఫోన్లు తీశారు. నేను మాత్రం లేచి వెళ్లి దాని చెవి మడత ఎత్తి వాసన చూశాను. "ఛీ, నానమ్మా!" అంది మనవరాలు. వాసనేమీ లేదు. అయినా రెండో చెవి కూడా ఎత్తి చూశాను.

హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో నేను నాంపల్లి స్టేషను వెనక గల్లీలోకి కోడలిగా వచ్చాను. మామగారు గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా, మా సంఘంలో పెద్ద. ఆయన మనసులో దేవుని తర్వాత స్థానం మోతిది, ఆ తర్వాతే తనదని అత్తమ్మ అనేది. పోలీసు చర్య తర్వాత ఊరు విడిచి వెళ్లిన ఒక దొర కుటుంబం ఆయనకు అప్పగించిన కుక్క అది. గోధుమరంగు బొచ్చు, బుగ్గల మీదికి వేలాడే పొడుగు చెవులు. శనివారం మా అందరి తలంట్లూ అయ్యాక దానికీ కుంకుడు రసంతో తలంటే. మర్నాడు ఆరాధనకు అది కూడా శుభ్రంగా రావాలని మామగారి పట్టుదల. నెత్తిన నీళ్లు గుమ్మరించి, పై బొచ్చు తుడిచి వదిలేసేవారు. చెవుల లోపల తడి ఆరిందో లేదో చూడాలని మాకెవరికీ తోచలేదు.

సాయంత్రం ప్రార్థనకు ఇరుగుపొరుగు వచ్చేవారు. మామగారు వాక్యం చదవడం మొదలుపెట్టగానే మోతి ఆయన పాదాల దగ్గర కూర్చుని తల ఎడమకు వంచేది. మధ్యమధ్య పటపటా తల విదిలించేది. "సూడుండ్రి, నోరులేని జీవి ఎంత బుద్ధిగ ఇంటున్నదో! మీల సగం మంది తూగుతున్రు," అని మామగారు దెప్పేవారు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టేవారు. అబిడ్స్ నుంచి కూడా దాన్ని చూడడానికి జనం వచ్చారు. అది చెవి గోక్కుంటూ మూలిగితే అత్తమ్మ వెల్లుల్లి కాచిన నూనె గోరువెచ్చగా చెవిలో పోసి, దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించేది. నూనె పోసిన రోజున అది మంచం కింద దూరి బయటికి వచ్చేది కాదు.

ఒక సాయంత్రం మా పాదిరి అయ్యగారు వచ్చారు. మోతి తల వంచడం చూసి ఎంతో సంతోషించి, ఆశీర్వదించడానికి వంగి దాని తల మీద అరచెయ్యి గట్టిగా అదిమారు. మరుక్షణం ఆయన మణికట్టు మోతి పళ్ల మధ్య ఉంది. రక్తం పాటల పుస్తకం మీద పడింది. "పిచ్చి లేసింది! మున్సిపాల్టోళ్లను పిలువుండ్రి, సంపేస్తరు," అని పక్కింటాయన దుడ్డుకర్ర తెచ్చాడు. మామగారు మోతికి అడ్డంగా నిలబడ్డారు. అయ్యగారే చేతికి తువాలు చుట్టుకుంటూ, "కర్ర కింద పెట్టుండ్రి. ముందుగాల దవాఖానల సూపెట్టుండ్రి," అన్నారు.

మర్నాడు మోతి మూతికి గుడ్డ కట్టి, రిక్షాలో పశువుల దవాఖానకు తీసుకుపోయాం. మొజంజాహీ మార్కెట్ దగ్గర రిక్షా కుదుపుకు అది ఏడ్చిన ఏడుపు మనిషి ఏడుపులాగే ఉంది. డాక్టరు చెవి మడత ఎత్తగానే వచ్చిన దుర్వాసనకు నేను ముక్కు మూసుకున్నాను. లోపల నల్లటి జిగురు, ఎర్రగా వాచిన మాంసం. "ఎన్ని దినాల సంది తల గిట్ల ఒంచుతున్నది?" అని అడిగాడు. "ప్రార్థన చేసేటప్పుడు ఒంచుతది సార్," అన్నారు మామగారు. ఆ గొంతులో ఇంకా కొంచెం గర్వం ఉంది. డాక్టరు తలెత్తి, "మిగిలినప్పుడు సూసిన్రా?" అన్నాడు.

తర్వాత డాక్టరు అన్నీ విడమరిచి చెప్పాడు. వేలాడే చెవిలో గాలి ఆడదు, స్నానపు నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. స్నానం కాగానే మెత్తటి పొడి గుడ్డతో చెవి మడతలు ఒత్తాలి. వారానికోసారి ఎత్తి చూడాలి, వాసన పట్టాలి. ఎరుపు, జిగురు, గోకడం, తల విదిలించడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించాలి. మన ఇష్టానికి నూనె పోయకూడదు, పుల్ల పెట్టకూడదు. "ముందుగాల తెస్తే మందుతోనే పోయేది. ఇప్పుడు లోపలి పొర పోయినట్టున్నది. సూద్దాం," అన్నాడు.

మోతిని కొన్నాళ్లు కట్టేసి కనిపెట్టి చూశాం. పిచ్చి కాదని తేలింది. అయ్యగారు కుక్కకాటుకు కడుపు మీద సూదులు వేయించుకుంటూనే దాని కోసం ప్రార్థించారు. మామగారు ఆఫీసుకు వెళ్లే ముందు రోజూ తానే చెవులు శుభ్రం చేసి మందు వేసేవారు. కానీ మోతికి వినికిడి పోయింది. తర్వాత నడక తూలింది, ఒకే వైపు గుండ్రంగా తిరిగేది, తిన్నది కక్కేది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం మామగారి ఒడిలో ప్రాణం విడిచింది. "మనం సప్పట్లు కొట్టినం," అన్నారాయన అత్తమ్మతో.

ఆ తర్వాత కూడా ఆయన ప్రార్థన నడిపారు. అయితే గ్రంథం తెరిచే ముందు వచ్చినవారిని ఒక్కొక్కరినీ, "ఒంట్ల ఎట్లున్నది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవారు. చదివేవారలారా, మీరూ నాతో కలిసి తల వంచండి. ప్రభువా, నొప్పికీ దాన్ని మేము గుర్తుపట్టడానికీ మధ్య వృథాగా పోయిన కాలాన్ని తిరిగి అడగం. మాకు మిగిలిన కాలంలో ఆ ఎడం తగ్గించు.