ఆమె పేరు మీది మెయిల్

మా కుందుర్పి కంబళ్ల సంఘానికి ఒక వెబ్‌సైట్ ఉంది. దాన్ని చూసుకునేది నేను. సైటు పేరు మీదే ఒక మెయిల్ కూడా ఉంది. అది సంఘం మెయిలే అయినా మొదటినుంచీ నా భార్య పేరుతోనే ఉండేది. మా దగ్గర పద్ధతి అది. మగ్గం గుంటలో ఎవరు కూర్చున్నా కొనేవాళ్లతో మాట్లాడేది ఒక్క మనిషే. మాట మారకూడదు. మాట్లాడటంలో ఆమెను మించినవాళ్లు మా వీధిలో లేరు. ఉన్ని గుచ్చుకుంటోందని ఎవరైనా రాస్తే, "గుచ్చుకోకపోతే అది కంబళి ఎట్లయితాది?" అని జవాబిచ్చేది. వాళ్లు నవ్వుకుని ఇంకొకటి కొనేవాళ్లు.

ఆమె పోయాక కూడా మెయిళ్లు ఆమె పేరుకే వచ్చాయి. ఆమె పేరుతోనే నేను జవాబులు రాశాను. సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. మాకు పిల్లలు లేరు. పొద్దున చాయ్ తాగి మెయిల్ తెరిస్తే, "అక్కా, బాగున్నావా?" అని ఎవరో ఒకరు ఆమెను పలకరించేవాళ్లు. ఆ ఒక్క పలకరింపు కోసమే తెల్లారేదాకా కాచుకుని ఉండేవాణ్ణి.

ఇంతలో వెబ్‌సైట్‌ను వేరే కంపెనీ సర్వర్‌కు మార్చాలని సంఘంలో తీర్మానం చేశారు. పాతదాంట్లో బొమ్మలు తెరుచుకునేలోపు కొనేవాళ్లకు విసుగొస్తోందట. సరే అన్నాను. ఆ సాయంత్రం సంఘం పెద్దాయన మా గడప దగ్గర నిలబడి, "ఏమప్పా, ఎట్లాగూ సైటు మారుస్తాండావు గదా, ఆ మెయిల్ గూడా సంగం పేరుకు మార్చేయ్. ఆయమ్మ పోయి ఏడాదాయ. పోయినోళ్ల పేరు ఎన్నాళ్లు మోస్తావు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మోసేది నేను గదన్నా, నీ భుజమేమన్నా నొస్తాందా?" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. పోయాక, కనీసం కూర్చోమనైనా అనలేదే అనిపించింది.

ఏమైనా సరే ఆమె మెయిల్ కదిలించకూడదనుకున్నాను. ఆమె సగంలో వదిలేసిన కంబళిని కూడా మగ్గం మీద నుంచి నేను కోయలేదు. డీఎన్ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ చిరునామాల పట్టికలో, సైటు ఎక్కడుందో చెప్పే రికార్డు ఒకటి, మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే రికార్డు ఇంకొకటి. మొదటిదాంట్లో పాత సర్వర్ నంబరు తీసి కొత్తది వేశాను. రెండోదాని జోలికే పోలేదు. సైటు కొత్తచోటికి పోతుంది, మెయిల్ పాతచోటే ఉంటుంది. ముట్టుకోనిది ఎందుకు చెడుతుందని నా ధీమా.

మధ్యాహ్నానికి సైటు కొత్త సర్వర్ నుంచి తెరుచుకుంది. బొమ్మలు టకటకా వచ్చాయి. ఇదో చూడు అని చూపిద్దామంటే ఇంట్లో ఎవరున్నారు? నాలో నేనే శభాష్ అనుకుని అన్నం పెట్టుకున్నాను.

మరునాడు ఒక్క మెయిలూ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. అందరూ కూడబలుక్కుని ఆమెను మరిచిపోయారా అని మనసు చివుక్కుమంది. ఆ రెండు రోజులూ పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

మూడోరోజు సైటులో ఉన్న నంబరు చూసి బెంగళూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఎప్పటినుంచో మా కంబళ్లు కొనే మనిషే. "అక్కకు మెయిల్ పంపితే తిరిగొచ్చిందండీ. ఈ చిరునామాలో అలాంటి వారెవరూ లేరని వచ్చింది. అక్క బాగుందా?" అంది.

ఫోన్ చెవికి ఆనించుకునే రికార్డులు తెరిచి చూశాను. మెయిల్ దారి చెప్పే చోట పాత సర్వర్ నంబరు లేదు. మా సైటు పేరే రాసి ఉంది. అంటే సైటు ఎక్కడికి పోతే మెయిలూ అక్కడికే. మెయిళ్లన్నీ పోయి కొత్త సర్వర్ తలుపు తట్టాయి, అక్కడ ఆమె లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"హలో, ఉన్నారా?" అందామె. ఏదో పొరపాటు జరిగింది, సరిచేస్తానంటే సరిపోయేది. ఆ మాట నోట్లోంచి రాలేదు.

"ఆయమ్మ లేదమ్మా. చనిపోయి ఏడాదాయ."

"మరి నాకు జవాబులు రాసిందెవరు?"

"నేనేనమ్మా. ఆయమ్మ మొగుణ్ణి."

"మీ ఆయన ఎలా ఉన్నారక్కా అని ప్రతిసారీ అడిగేదాన్ని. బాగుండాడని రాసేవారు కదా!"

"అవునమ్మా, రాసినా."

"నిజంగా బాగున్నారా?"

"లేనమ్మా," అన్నాను. "ఏం బాగలేను."