ఒంటెల సినిమా మూడో భాగం

కింది ఇంటి ఆంటీ అంటే నాకు కుళ్ళు. ఈ మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది గనక ముందే రాసేస్తున్నాను. ఆవిడ నాకు చేసిన అపకారం ఏమీ లేదు. పైగా మేము ఘాజియాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ బడి నుంచి వచ్చిన నా కూతురికి అన్నం పెట్టింది ఆవిడే. అదే నా ఏడుపు.

నేను నోయిడాలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన ఢిల్లీలో ల్యాబ్ టెక్నీషియన్. ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలే కావడంతో పిల్ల బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఎవరూ ఉండేవాళ్ళం కాదు. మాది రెండో అంతస్తు. పిల్ల స్కూలు బస్సు దిగి, మెట్లెక్కకుండా కింద ఆంటీ వాళ్ళింట్లోనే ఆగిపోయేది. ఆవిడ మీరట్ వైపు మనిషి. తన పిల్లలు పెద్దవాళ్ళై కాలేజీలకు పోతున్నారు. ఇంట్లో చిన్నపిల్ల లేని లోటు నా పిల్లతో తీర్చుకునేది.

నేను సాయంత్రం వచ్చి అన్నం తింటావా అంటే "ఖా లియా", తినేశాను, అనేది నా కూతురు. నేను తెలుగులో అడిగినదానికల్లా హిందీలో జవాబు. ఆంటీ రాజ్మా బాగుంటుందట. నాకు పొద్దుటి డ్యూటీ ఉన్న రోజు ఆంటీ వేసిన జడ సాయంత్రం దాకా బిగుతుగా ఉంటుందట, నేను వేసింది అసెంబ్లీ అయ్యేలోపే ఊడిపోతుందట. ఒకసారి దానికి నూట రెండు జ్వరం. తడిగుడ్డ మార్చి మార్చి వేస్తున్నాను. మగతలో కళ్ళు తెరవకుండా "ఆంటీ" అంది. నర్సుని నేను. గుడ్డ వేస్తున్నది నేను. ఆ గుడ్డ తీసుకెళ్ళి ఆవిడ మొహాన కొట్టాలనిపించింది.

అంతకుముందు, అంటే బడికి పోకముందు, అది పూర్తిగా నా పిల్ల. అప్పుడు దానికి నాలుగేళ్ళు. మా ఆయన రెండు వీసీడీలు తెచ్చాడు. రెండూ ఒకే బొమ్మల సినిమా భాగాలు. ఎడారిలో ఒక ఒంటెల కుటుంబం. అమ్మ, నాన్న, నానమ్మ, ఒక అల్లరి పిల్ల ఒంటె. అంతా ఇంగ్లీషు. నా కూతురికి అప్పటికి తెలుగు తప్ప ఏదీ రాదు. నాది ఆసుపత్రి ఇంగ్లీషు, బీపీ దగ్గర మొదలై డిశ్చార్జి దగ్గర ఆగిపోతుంది. ఒంటెలేమో ఇంకేవో మాట్లాడుకునేవి. అందుకని సౌండు పూర్తిగా తగ్గించేసి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒంటెలందరి మాటలూ నేనే చెప్పేదాన్ని. నానమ్మ ఒంటెకు తెనాలిలో ఉన్న మా అత్తగారి గొంతు పెట్టాను. "ఏందే కోడలా, ఆ మూపురం అట్టా వంకర పెట్టుకోని నిలబడ్డావు?" అనేది ఆ ఒంటె. పిల్ల విరగబడి నవ్వేది. మా ఆయన పక్కగదిలో దుప్పటి కప్పుకుని నవ్వేవాడు. అసలు కథ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. డిస్కులు గీతలు పడి ఆగిపోయేదాకా చూశాం.

ఎనిమిదేళ్ళ తర్వాత, అది ఆరో తరగతిలో ఉండగా, ఆ సినిమాకు మూడో భాగం వస్తోందని మాల్‌లో పెద్ద పోస్టరు పెట్టారు. పేపర్లో కూడా రాశారు, ఇంత ఆలస్యంగా వచ్చే భాగం చచ్చిన సిరీస్‌కు మళ్ళీ ప్రాణం పోయగలదా అని. దాని వల్ల కాదన్నాడు మా ఆయన. అప్పటి పిల్లలకు ఈపాటికి మీసాలొచ్చి ఉంటాయి, ఇప్పటి పిల్లలకు ఆ ఒంటెలెవరో తెలియదు, మరి చూసేదెవరు అని ఆయన వాదన. చేపల పులుసు మర్నాడే కదా రుచి అన్నాను నేను. మర్నాటికి రుచే, ఎనిమిదేళ్ళకు కాదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ సినిమా తీసినవాళ్ళు బాగుపడితే నాకేం, మునిగిపోతే నాకేం? నా ఆశ వేరు. ఒంటెలు తెర మీద మళ్ళీ లేస్తే, నా ఒళ్ళో కూర్చున్న పిల్ల కూడా ఒక్క పూట వెనక్కి వస్తుందనుకున్నాను. ఆ కథ ఆంటీకి తెలియదు. ఆ ఒంటెల గొంతులు ఆంటీ ఎన్నడూ వినలేదు. ఈ ఒక్క విషయంలో ఆవిడ బయటి మనిషి. ఇది తలుచుకుని ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

సినిమా విడుదలైన వారం ఆదివారం నాకు డ్యూటీ పడింది. ఆ రోజు ఆఫ్ ఉన్నది మా వార్డులోని ఒక మలయాళీ సిస్టర్‌కు. మా వార్డులో సగం మంది కేరళవాళ్ళు, మిగతా సగంలో మా తెలుగువాళ్ళు ఎక్కువ. అందరం చర్చికి వెళ్ళేవాళ్ళమే. అందుకని క్రిస్మస్ రోజు ఆఫ్ కోసం ఎండాకాలం నుంచే కొట్లాటలు. చివరికి ఇన్‌ఛార్జి సిస్టర్ చీటీలు వేసి తేల్చేది. ఆ ఏడాది, మూడేళ్ళ తర్వాత, చీటీ నాకు వచ్చింది. ఆదివారం ఇస్తావా అని అడిగితే, మలయాళీ సిస్టర్ క్రిస్మస్ ఇస్తావా అంది. ఇచ్చేశాను. బాల్కనీలో నిలబడి ఫోన్లో హిందీలో ఒప్పందం చేసుకున్నాం. ఇన్‌ఛార్జి సిస్టర్ మేము డ్యూటీలు మార్చుకున్న కాగితం చూసి, ఆలోచించుకున్నావా అని రెండుసార్లు అడిగింది. ఆలోచించుకున్నానన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బొమ్మల సినిమా కోసం క్రిస్మస్ వదులుకున్నానంటే మా ఆయన నన్నే ముందు ఆసుపత్రిలో చేర్చేవాడు.

ఆ ఆదివారం, డ్యూటీ ఉందని పాస్టరమ్మకు అబద్ధం చెప్పి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని పిల్లను మార్నింగ్ షోకి తీసుకెళ్ళాను. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఒంటెలు వచ్చాయి. ఎడారిలో కాదు, ఏదో నగరంలో. ఒంటి నిండా నూనె పూసినట్టు మెరిసిపోతున్నాయి. గొంతులు మారిపోయాయి. నిమిషానికొక పాట, చేతిలో సెల్‌ఫోను. నానమ్మ ఒంటె ఎక్కడా లేదు, లేదన్న ముక్క కూడా ఎవరూ అనలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా పక్కన పిల్ల నవ్వుతోంది కదా అని నేనూ నవ్వాను.

నవ్వుతూ నవ్వుతూ ఒక సంగతి గమనించాను. పిల్ల ఒంటె ఈతకొలనులో జారిపడే ముందే నా కూతురు నవ్వడం మొదలుపెట్టింది. పిల్లలు చురుకు కదా అనుకున్నాను. కాసేపటికి తలుపు వెనక నుంచి కుక్క ఉరుకుతుందనగా ముందే చెవులు మూసుకుంది. ఇంటర్వెల్ తర్వాత, తల్లి ఒంటె తప్పిపోవడానికి ఇంకా ఒక నిమిషం ఉందనగా, నా చేయి పట్టుకుంది. అప్పుడు తెలిసింది. ఇది ఈ సినిమా చూసేసింది.

ఎవరితో చూసిందని అడగాలా? మిగతా సినిమా అంతా తెర మీద ఆవిడ మొహమే కనబడింది నాకు. మొదటిసారి చూడటం కూడా ఆవిడతోనే అయిపోయింది. నా క్రిస్మస్ పోసి కొనుక్కున్నది ఆవిడ ఎంగిలి. ఆంటీ దగ్గర నవ్విన నవ్వునే ఈ పిల్ల నా దగ్గర మళ్ళీ నవ్వుతోందనిపించింది. పిల్లను ఏమీ అడగలేదు. ఇంటికి రాగానే తాళం చేతికిచ్చి పైకి పంపేసి, కింది తలుపు దబదబా బాదాను.

ఆంటీ చేతులకు పిండితో వచ్చి తలుపు తీసింది. నన్ను అడగకుండా నా పిల్లను సినిమాకు ఎలా తీసుకెళ్ళావని అడిగాను. ఇంకా చాలా అన్నాను. ప్రతిదానికీ నా పిల్లకు నువ్వే తయారవుతావెందుకన్నాను. నీకు ఇద్దరున్నారు, చాలరా అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. తర్వాత చేతుల పిండి దులుపుకుంటూ, చెప్పనని పిల్లకు ఒట్టు వేశాను, నువ్వింత కోపంలో ఉన్నావు గనక చెబుతున్నాను అంది.

"బెహన్, నువ్వు ఫోన్లో క్రిస్మస్ ఛుట్టీ ఇచ్చేయడం విన్నదట. శుక్రవారం నా దగ్గరికొచ్చి, ఆంటీ, ముందు మనం చూసొద్దాం, బాగాలేకపోతే నాకు కడుపునొప్పని చెప్తాను, మమ్మీ ఆదివారం డ్యూటీకే పోతుంది, మమ్మీ ఛుట్టీ మమ్మీకి మిగులుతుంది అంది. నేనెలా కాదనను?"

సినిమా పిల్లకు అస్సలు నచ్చలేదట. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చిందట. ఇంటికొచ్చి కడుపునొప్పి మాట చెబుదామని నోరు తెరిచేసరికి, నేను చీర ఇస్త్రీ చేసుకుంటూ పాట పాడుతున్నానట. ఇక చెప్పలేకపోయిందట. మమ్మీ ముందు బాగా నవ్వుతాలే అని ఆంటీతో అందట.

ఇదంతా విన్న తల్లి ఎవరైనా కరిగిపోవాలి. నేనూ కరిగానేమో. కానీ ముందుగా నా మనసులోకి వచ్చింది ఆ ఆటో. ఏడ్చింది ఆవిడ పక్కన కూర్చుని. నా గురించిన బెంగ కూడా ఆవిడకే చెప్పుకుంది. ఆవిడకు సారీ చెప్పకుండా మెట్లెక్కాను.

పైన పిల్ల కంచాలు పెడుతోంది. సినిమా నాకేం నచ్చలేదన్నాను. కంచం పట్టుకుని అలాగే నిలబడింది.

"మరెందుకు నవ్వావు మమ్మీ?"

"నువ్వు నవ్వుతున్నావని."

ఇంక ఇద్దరం ఆ సినిమాను ఉతికి ఆరేశాం. నానమ్మ లేకుండా ఒంటెల సినిమా ఏమిటంది. పాటలు తలనొప్పి అన్నాను. ఎనిమిదేళ్ళలో పిల్ల ఒంటె అంగుళమైనా పెరగలేదు చూశావా అంది నా కూతురు. అలాగే ఉంచేసి మళ్ళీ మనల్నే రమ్మంటే ఎలా వస్తాం అంది. పేపర్లో అడిగిన ప్రశ్నకు మా ఆయన కన్నా అదే బాగా జవాబు చెప్పింది. సగం తెలుగు, సగం హిందీ, నోటి నిండా కోడికూర. చాలా ఏళ్ళ తర్వాత అది నాతో అంతసేపు కూర్చుంది.

ఉన్నట్టుండి ఆగి నా మొహంలోకి చూసింది.

"ఆంటీ చెప్పేసిందా?"

తలూపాను. దాని మొహం ఎర్రబడింది. ఒట్టు వేసి కూడా చెప్పేసిందా, ఇంక జన్మలో ఆంటీకి ఏదీ చెప్పను అంది. ఆవిడ తప్పేం లేదమ్మా, నేనే కొట్లాటకు పోయి చెప్పించాను అనాలి నేను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో ముక్క వేయనా అని అడిగాను.

మర్నాడు మధ్యాహ్నం వార్డులో ఉండగా ఆంటీ ఫోన్ చేసింది. పిల్ల బస్సు దిగి కింద ఆగలేదట. సంచిలోని తాళంచెవి తీసుకుని నేరుగా పైకెళ్ళిపోయిందట. రాజ్మా పెడతాను రమ్మని పిలిస్తే తలుపు తీయలేదట, పొద్దుటి నుంచి ఏం తిన్నదో ఏమో అంది. నా మీద అలిగిందా బెహన్, నేనేం చేశాను అని అడిగింది. నాకేం తెలియదని చెప్పి ఫోన్ పెట్టేశాను.