మానెమ్మ మాట మానెమ్మనే అడిగిన సులోచనక్క

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. సులోచనక్క నిద్రలోనే పోయిందని.

గంజి వారుస్తూ విన్నాను. స్టవ్ ఆపేసి అక్కడే కూర్చుండిపోయాను. మొన్న ఆదివారమే మాట్లాడింది.

మీలో కొందరికి ఆమె తెలియదు కాబట్టి రాస్తున్నాను.

అక్కది బహదూర్‌పల్లి. అమ్మానాన్నలిద్దరికీ వినపడదు. ఆమెకు మాటల కంటే ముందు సైగలు వచ్చాయి. జీడిమెట్ల మందుల కంపెనీలో మా ఆడపడుచుతో కలిసి మాత్రలు ప్యాక్ చేసేది. సెలవు రోజున, ఇంట్లో దెబ్బలు తినే వినపడని ఆడవాళ్లకు తోడుగా ఆస్పత్రికో, పోలీస్ స్టేషన్‌కో వెళ్లేది.

రెండు వేల సంవత్సరం ప్రాంతంలో మేడ్చల్‌లో మా వెనకింట్లో మానెమ్మ ఉండేది. పుట్టు చెవుడు. చూపు కూడా తగ్గిపోతోంది.

ఓసారి చెయ్యి వాచింది. ఏమైందని వాళ్ల అత్తను అడిగాను. "మోరీ కాల్వ కాడ జారి పడ్డది" అంది. పసుపు పట్టు వేసి పంపాను. తర్వాత దవడ వాచింది. మళ్లీ అత్తనే అడిగాను.

అక్కతో ఈ సంగతి అన్నాను.

"మానెమ్మని అడిగినవా?"

"ఆమెకి వినబడదు గదక్కా."

"అయితే కొట్టేటోళ్లనే అడుగుతవా చెల్లె?"

మర్నాడే వచ్చింది. అత్త గడపకు అడ్డంగా నిలబడింది. "దాని సైగలు నాకు దప్ప ఎవ్వరికి సమజ్ గావు."

"నాకు జర అయితయి పెద్దమ్మా. నువ్వు బయట కూసోని చాయ్ తాగు."

మానెమ్మ చేతులను తన చేతుల మీద పెట్టుకుని అక్క సైగలు చేసింది. మానెమ్మ తడిమి తెలుసుకుంటూ బదులు చెప్పింది. మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉంది. భర్త బెల్టుతో కొట్టేవాడట. అన్నం గిన్నె చోటు మార్చి, ఆమె వెతుక్కుంటుంటే నవ్వేవాళ్లట.

ఇక్కడే ఉంటావా, వెళ్తావా అని అక్క అడిగింది.

వెళ్తానంది.

పోలీస్ స్టేషన్‌లో "నేను చెప్తా సార్" అని భర్త ముందుకొచ్చాడు.

"ఇంటోళ్లు చెప్పొద్దు సార్. ఆమెనే చెప్తది, మీరు జర ఆగుండ్రి" అంది అక్క.

రెండు గంటలు పట్టింది. కంప్లైంట్ మానెమ్మ చెప్పినట్టే రాశారు. ఆ సాయంత్రమే ఆమె శామీర్‌పేటలో చెల్లెలి ఇంటికి చేరింది.

తర్వాత అక్క నాకూ ఆ సైగలు నేర్పింది. ఏడాది పైనే పట్టింది. తప్పు చేస్తే వేళ్ల మీద ఒకటి తగిలించేది.

నిన్న మానెమ్మకు చెప్పాల్సింది నేనే. ఇప్పుడు ఆమెకు చూపు అసలే లేదు. చేతుల్లో చేతులు పెట్టి చెప్పాను. నమ్మలేదు. మూడుసార్లు చెప్పించుకుని, అక్క దగ్గరికి తీసుకెళ్లమంది.

అక్క పక్కన మానెమ్మ కూర్చుని, ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు ఏదో చెప్పింది.

నాకు ఆ సైగలు వచ్చు. అయినా తల తిప్పుకున్నాను. అది వాళ్లిద్దరి మాట.

వెళ్లిరా అక్కా. నీ ఆత్మ నిమ్మళంగా, చల్లగా ఉండాలి.