సుభద్ర పంతం, పూలజడ

అదేనండీ, మొన్న కాఫీలు వచ్చి మధ్యలో ఆగిపోయిందే, ఆ సుభద్ర మల్లెపొద సంగతి.

సుభద్ర నూజివీడులో మా పక్కింటావిడ. భర్త భాస్కరరావు మామిడి వ్యాపారి. ఎనభై మూడులో వాళ్ళమ్మాయి ఉమకి టైఫాయిడ్ వస్తే, తగ్గాక తిరుపతిలో తలనీలాలిస్తామని మొక్కుకున్నారు. తగ్గింది. వేసవి సెలవులకి ప్రయాణం పెట్టుకున్నారు. పిల్ల జడ నడుము దాటి ఉండేది. అది దేవుడికిచ్చే లోపు ఒక్కసారి ఇంటి మల్లెమొగ్గలతో పూలజడ కుట్టాలని సుభద్ర పంతం. పొద ఏమో ఏపుగా పెరగడమే గాని, ఏనాడూ పట్టుమని పది పూలు పూసింది కాదు.

పుష్యమాసంలో ఆవిడ కత్తెర తీసింది.

"ఏంటే అది? పూతకాలంలో చెట్టుకి కత్తెర పెడతారా ఎవరన్నా?" భాస్కరరావు గడపలోంచే అరిచాడు.

"అది మీ మామిడికండీ. మా జి. కొండూరులో మల్లెకి ఈ నెల్లోనే ఆకు దూసి, నీళ్ళు ఆపేస్తారు."

"మీ కొండూరు వాళ్ళకి మొక్కలంటే కక్షేమో! టీచరు గారూ, మీరైనా చెప్పండి."

"నన్నొదిలెయ్యండి బాబూ," అన్నాను. నేను పాఠాలు చెప్పానే గాని మొక్కలు పెంచలేదు.

మామిడి వాళ్ళకి పూతకాలమంటే చెట్టును తాకడానికే భయం. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ మల్లెను కూడా ముట్టనివ్వలేదాయన. మర్నాడు ఆయన చాట్రాయి తోటల్లో పూత చూసి బేరమాడడానికి వెళ్ళగానే, సుభద్ర ఆకంతా దూసి కొమ్మలు కురచగా కత్తిరించేసింది.

సాయంత్రం ఆయన వచ్చి చూశాడు. "చీపురుకట్ట బాగుంది. వాకిలి ఊడ్చుకో," అని లోపలికెళ్ళాడు.

శివరాత్రి ముందు పశువుల ఎరువు వేసి మళ్ళీ నీళ్ళు పెట్టింది. చిగురొచ్చింది, చిగురు వెనకే మొగ్గా వచ్చింది. కానీ రేపో ఎల్లుండో ప్రయాణమనగా మొగ్గలు ఇంకా పచ్చగా, బియ్యపుగింజల్లా ఉన్నాయి. సుభద్రకి అన్నం సయించలేదు.

భాస్కరరావు వంగి, తోటలో పిందెను చూసినట్టే, ఒక మొగ్గను రెండు వేళ్ళతో పట్టి చూశాడు.

"వారం పడుతుంది."

"మరి టికెట్లో?"

"రద్దు చేయిస్తాలే. కాయ కోసం నెలలు ఆగుతాం, మొగ్గకి వారం ఆగలేమా?"

"కోతలు మొదలవుతాయేమోనండీ."

"జంక్షన్లో కాయ లారీలకెత్తించే సంగతి మా తమ్ముడు చూసుకుంటాడు. ముందు నువ్వా చీపురుకట్టకి నీళ్ళు పొయ్యి."

వారానికి మొగ్గలు తెల్లబడ్డాయి. తీరా కోస్తే సగం జడకే సరిపోయాయి. బజారు మల్లెలు కలుపుదామంటే సుభద్ర ఒప్పుకోలేదు. కింది సగం పెరట్లోని కనకాంబరాలతో నింపింది. అరటిపట్ట మీద మొగ్గలు కుట్టేటప్పుడు నా వేళ్ళకీ నాలుగు సూదిపోట్లు పడ్డాయి. స్టూడియోలో ఉమ వెనక నిలువుటద్దం పెట్టి ఫోటో తీశారు. ఆ మర్నాడే రైలెక్కారు. గుండుతో తిరిగొచ్చిన పిల్ల కొత్త మామిడిపండు చీకుతూ వీధంతా తిరిగింది. జడ పోయిందన్న బాధంతా తల్లిదే.

ఆ ఫోటో నాకూ ఒక కాపీ వేయిస్తానంది సుభద్ర. ఈలోగా నేను బెజవాడ వచ్చేశాను. వాళ్ళ ఫోను మామిడి కొట్లోనే ఉంది, రేపు కొట్టు తెరిచే వేళకి భాస్కరరావుకి చేసి ఆ కాపీ సంగతి అడగాలి.