కార్డులో గడి లేని సాలీడు

గట్టు మీద యాభై అడుగులు నడిచినా ముఖానికి ఒక్క సాలెగూడు తగల్లేదు. డెబ్బై ఆరు ఖరీఫ్‌లో, అక్టోబరు నెల ఒక సోమవారం ఉదయం, వరి పొట్టమీద ఉన్న రోజుల్లో, నాకు మొదటిసారి భయం వేసింది ఆ క్షణంలోనే. రోజూ ఆ దారిన పోయేటప్పుడు మంచుతో తడిసిన గూళ్ళు కనురెప్పలకు అంటుకునేవి. విసుక్కుంటూ, చేత్తో ముఖం తుడుచుకుంటూ నడిచేదాన్ని. ఆ రోజు కూడా చెయ్యి అలవాటుగా పైకి లేచింది. తుడవడానికి ఏమీ లేదు.

అప్పటికి ఏడాదిగా నేను పామర్రుకు దగ్గరలోని ఒక ఊళ్ళో పంట పురుగుల నిఘా పథకంలో ఫీల్డ్ అసిస్టెంటుని. తాత్కాలిక ఉద్యోగం, ఆరు నెలలకోసారి పొడిగించేవారు. విజయవాడలో జువాలజీతో బి.ఎస్సీ. చదివినందుకు దొరికింది. మా ఆయన విజయవాడలో రైల్వే గుమాస్తా. శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వెళ్ళిపోయేవారు. ఇంట్లో అత్తయ్య, ఏడేళ్ళ గ్రేసు, నాలుగేళ్ళ చిన్నవాడు ఉండేవాళ్ళు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ రోజు చూసినవి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇన్నేళ్ళకు ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

నా పని దీపపు ఎర చూసుకోవడం. చేలో మూడు గుంజల ముక్కాలికి పెట్రోమాక్స్ లైటు వేలాడదీసి, దాని కింద నీళ్ళ పళ్ళెం పెట్టి, నీళ్ళ మీద కాస్త కిరసనాయిలు పోస్తారు. వెలుగుకు వచ్చిన పురుగులు పళ్ళెంలో పడతాయి. పొద్దున్నే వాటిని గుడ్డలో వడకట్టి, తెల్ల పింగాణీ పళ్ళెంలో పరిచి, భూతద్దం కింద జాతులవారీగా లెక్కపెట్టాలి. ఆ లెక్క సోమవారం సోమవారం ఒక అచ్చు కార్డులో నింపి పామర్రులో వ్యవసాయాధికారికి అందజేయాలి. కాండం తొలిచే పురుగుకు ఒక గడి, ఉల్లికోడుకు ఒక గడి, మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమకు ఒక గడి. ఫలానా హద్దు దాటితే చివరి గడిలో 'మందు అవసరం' అని రాయాలి. అధికారి దాన్ని చూసి ఊళ్ళల్లో దండోరా వేయించేవారు.

ఆ సోమవారానికి రెండు వారాల ముందు ఆ మాట రాసింది నేనే. ఆ ఏడు వానలు ఎడతెగలేదు. ఎండ లేని ఉక్క, కదలని గాలి, పైగా కొత్త పొట్టి రకాలకు పోసిన యూరియాతో చేలు నల్లగా, ఒత్తుగా పెరిగాయి. సుడిదోమకు ఇంతకంటే అనువైన వాతావరణం ఉండదు. లెక్క హద్దు దాటింది. నేను గడి నింపాను. ఊళ్ళో ఎండ్రిన్ అనే పురుగుమందు కొట్టారు. స్ప్రేయర్లు తక్కువ కాబట్టి వంతులవారీగా కొట్టుకుంటూ వచ్చి, కాలువ పక్క కోటేశ్వరరావు గారి చేలో శనివారానికి ముగించారు. ఆదివారం మధ్యాహ్నం తూర్పు నుంచి పెద్ద వాన కొట్టింది. మళ్ళల్లో నీళ్ళు గట్ల మీదుగా పొర్లి, చేల వెంట పారే బోదెలో పడ్డాయి.

ఆ సోమవారం గూళ్ళు లేని గట్టు దిగి, దుబ్బులు పాయ తీసి మొదళ్ళు చూశాను. మందు పై ఆకుల మీద పడింది. నీళ్ళను ఆనుకుని ఉన్న మొదళ్ళలో, కాండం కనబడకుండా, పిల్ల దోమలు. రెండు వారాల కిందటికంటే ఎక్కువ. ఆ మొదళ్ళలోనే పరిగెత్తుతూ ఉండాల్సిన సాలీళ్ళు లేవు. దోమ గుడ్లను పీల్చే పచ్చ నల్లి లేదు. ఇరవై దుబ్బులు చూశాను, తర్వాత ఇంకో ఇరవై. తినేవాటిని మేము చంపాం, తినబడేవి మొదట్లో దాక్కుని బతికాయి. కాలేజీలో నేను చదివిన పాఠమే అది. నా కార్డులో సాలీళ్ళకు గడి లేదు కనుక ఏడాదిగా ఒక్కసారీ వాటిని లెక్కపెట్టలేదు.

కోటేశ్వరరావు గారు గట్టు మీద నుంచి చూస్తున్నారు. ఏడెకరాల రైతు, నోరు జారినా మనసు మంచిది.

"ఏవండీ అమ్మగారూ, మీ దీపం కాడికి ఊరందరి దోమల్నీ పిలిచి, మా చేలోకి తోలుతున్నారేంటండీ?" అన్నారు.

మళ్ళీ మందు కొట్టడానికి డబ్బాలు తెప్పించానని, కార్డు వెళ్ళడమే ఆలస్యమని చెప్పారు. ఈసారి కొట్టవద్దని నేను అన్నాను. నీళ్ళు తీసేసి నాలుగు రోజులు ఆరబెడితే మొదళ్ళలో తేమ పోయి దోమ తగ్గుతుందన్నాను. పొట్టమీదున్న చేనుకు నీళ్ళు తీయమనే మనిషిని ఇన్నేళ్ళలో చూడలేదని ఆయన నవ్వారు. అంతలో బోదె వైపు నుంచి గ్రేసు వచ్చింది. గౌను తడిసి ఉంది, చేతిలో పాల డబ్బా.

"అమ్మా, ఇవాళ చేపలు పారిపోవట్లేదే. చేత్తోనే తీస్తున్నాం."

డబ్బాలో పరిగెలు, రెండు చిన్న కొర్రమీను పిల్లలు. ఒకటి ఇంకా నోరు తెరుస్తోంది. డబ్బా గట్టు మీద బోర్లించి, ఇంకా పట్టావా అని అడిగాను. ఇది రెండో డబ్బా అని, మొదటిది నాయనమ్మకు ఇచ్చానని చెప్పింది. గ్రేసును ఈడ్చుకుంటూ ఇంటికి పరిగెత్తాను. అత్తయ్య అప్పటికే వేయించారు. గ్రేసుకు ముళ్ళంటే భయం, ముట్టలేదు. చిన్నవాడు చద్దన్నంలో రెండు తిన్నాడు.

గ్రేసు ఒళ్ళు సబ్బుతో కడిగి, మిగిలిన చేపలు గొయ్యి తీసి పూడ్చమని అత్తయ్యకు చెప్పి, చిన్నవాణ్ణి చంకనేసుకుని పామర్రు బస్సెక్కాను. కార్డు సంచిలోనే ఉంది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు గారు ఎండ్రిన్ పేరు వినగానే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. వాడి చేత వాంతి చేయించారు. దీనికి విరుగుడు లేదని, ఫిట్స్ వస్తే వెంటనే తీసుకురమ్మని, సాయంత్రం దాకా రాకపోతే గండం తప్పినట్టేనని చెప్పి, అంతవరకు పామర్రు దాటి వెళ్ళవద్దన్నారు. అందుకని ఆసుపత్రికి నాలుగు అడుగుల దూరంలో ఉన్న మా ఆఫీసులోనే కూర్చున్నాను. వాడు బల్ల మీద అగ్గిపెట్టెలతో ఆడుకుంటున్నాడు. వాడి వేళ్ళు వణుకుతున్నాయా, లేక నాకే అలా కనిపిస్తోందా అని చూస్తూ కార్డు నింపాను.

దోమ లెక్క హద్దు దాటి ఉంది. నిబంధన ప్రకారం చివరి గడిలో రాయవలసింది రెండు మాటలే. నేను ఆ గడి ఖాళీగా వదిలి, కింద అంచులో రాశాను: 'నలభై దుబ్బుల్లో సాలీడు ఒక్కటీ లేదు. బోదెలో చేపలు చచ్చాయి. మందు వద్దు. నీరు తీయించాలి.'

అధికారి గారు రెండుసార్లు చదివారు. మంచాయన, కానీ ఇంకో రెండేళ్ళలో రిటైరవబోతున్నారు.

"గడి లేనిది పైకి ఎలా పంపనమ్మా? నీ పొడిగింపు కాయితం కూడా వచ్చే నెల నా బల్ల మీదకే వస్తుంది. తెలుసుగా?"

తెలుసన్నాను. ఆయన చిన్నవాడి వైపు చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన కార్డు చింపలేదు, పంపుతాననీ అనలేదు. సొరుగులో పెట్టారు. ప్యూనుతో వాడికి ఒక గ్లాసు పాలు తెప్పించారు.

పొద్దు వాలేవరకు వాడికి ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రెండు చేపల్లో మందు తక్కువ ఉండవచ్చు, వాంతి పనిచేసి ఉండవచ్చు. ఆఖరి బస్సులో ఇంటికి వచ్చాం.

తర్వాత జరిగినది క్లుప్తంగా చెబుతాను. దండోరా ఆగలేదు, ఊళ్ళో చాలామంది మళ్ళీ కొట్టారు. కోటేశ్వరరావు గారు ఎగతాళి చేస్తూనే కాలువ పక్క రెండెకరాలకు నీళ్ళు తీశారు, మిగిలినదానికి మందు కొట్టారు. నవంబరులో మందు కొట్టిన చేలల్లో వరి మంట పెట్టినట్టు గుండ్రంగా సుడులు సుడులుగా ఎండింది. ఆ రెండెకరాల్లోనూ సుడులు పడ్డాయి, కానీ తక్కువ. రెండెకరాలతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. నా పొడిగింపు మూడు నెలలు ఆలస్యమై వచ్చింది. మరుసటి ఏడు కార్డులో స్కేలుతో నేనే ఒక గీత గీసి 'సాలీళ్ళు' అని రాసుకున్నాను. అధికారి గారు ఆ గడిని కొట్టివేయలేదు. తర్వాత ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ ఫారం చేతికి వచ్చినా ముందు అందులో లేనిది ఏమిటని వెతకడం అలవాటయింది. ఈ ఉదంతం నేర్పింది అంతే.

ఆ సోమవారం గడిచిన మర్నాడు ఉదయం పిల్లలిద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టాను. చిన్నవాడు ఆకలంటున్నాడు. పారిపోని చేపను ఎప్పుడూ ముట్టుకోవద్దని చెప్పాను. నీళ్ళు తేటగా ఉన్నా సరే, అందరూ పడుతున్నా సరే. చిన్నవాడు తల ఊపాడు. గ్రేసు ఊపలేదు.

"నీళ్ళలో మందు ఎవరు పోశారమ్మా?"

రైతులని చెప్పి ఊరుకోవచ్చు. అది అబద్ధం కాదు.

"పోసింది రైతులు. పోయమని కార్డు రాసింది నేను," అన్నాను.