సిస్టా, కణితా?

ప్రభుత్వ డెంటల్ సర్జన్‌గా నా చివరి పోస్టింగు జగ్గయ్యపేట. కరోనా తగ్గి ఓపీ మళ్లీ మామూలుగా నడుస్తున్న రోజుల్లో, నందిగామ కోర్టులో ప్రాక్టీసు చేసే సలోమి అనే యువ న్యాయవాది ఎడమ దవడ వాపుతో వచ్చింది. నొప్పి లేదంది.

ఎక్స్‌రేలో జ్ఞానదంతం పైకి రాకుండా దవడ అడుగున అడ్డంగా పడుంది. దాని చుట్టూ గుండ్రంగా నల్లటి ఖాళీ. ఇలా ఇరుక్కుపోయిన పన్ను చుట్టూ నీరు చేరి పెరిగే సంచినే సిస్టు అంటాం. సూది పెడితే పసుపుపచ్చటి పల్చటి నీరు వచ్చింది. సిస్టేననుకున్నాను. కానీ పక్క పన్ను వేరు చాలామేర అరిగిపోయి ఉంది. కణితి ఉన్నచోట అలా ఎక్కువగా కనిపిస్తుంది.

చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే సిస్టనే రిపోర్టు వచ్చింది. విజయవాడలో దవడ ఆపరేషన్లు చేసే నా సీనియర్ మాత్రం ఆ వేరు చూసి, కణితే అయ్యుండొచ్చని, అది ఎముకలోకి పాకుతుంది గనుక అంతమేర ఎముక తీసేయడమే మేలని అన్నారు. ఎముకతోపాటు కింది పెదవికి స్పర్శనిచ్చే నరమూ పోతుంది.

ఈ మాట సలోమికి చెప్పాను.

"పెదవి మొద్దుబారిపోతే నేను వాదించేదెలా అండీ? సిస్టా, కణితా? ఏదో ఒకటి చెప్పండి."

"నాకు తెలియదమ్మా."

"తెలియకుండానే కోసేస్తారా?"

ఆ ప్రశ్నతో సీనియర్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. సంచికి రంధ్రం చేసి చిన్న గొట్టం అమర్చి, నీరు పోనిస్తూ, సంచి కుంచించుకుపోతుందేమో కొన్ని నెలలు చూద్దామన్నాను. కణితని తేలితే ఎముక అప్పుడు తీయవచ్చు. ముందే తీసేస్తే తిరిగి రాదు. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు.

సలోమి రోజూ సిరంజితో గొట్టం కడుక్కుంటూ, మాట కాస్త ముద్దగా వస్తున్నా కోర్టుకు వెళ్లింది. ప్రతి ఎక్స్‌రేకీ ఖాళీ తగ్గుతూ వచ్చింది. నరం పక్కన కొత్త ఎముక పట్టాక, పన్నునూ సంచినీ సీనియరే చెక్కుచెదరకుండా బయటికి తీశారు. పెదవి కొన్ని వారాలు తిమ్మిరిగా ఉండి బాగుపడింది.

మొత్తం సంచిని పరీక్షిస్తే దాదాపు అంతా మామూలు సిస్టే. లోపలి పొరలో ఒక్కచోట కణితి కణాలున్నాయి. అవి సంచి గోడలోకి దిగలేదు గనుక ఎముక తీయనక్కర్లేదని సీనియరే అన్నారు. ఏటా ఎక్స్‌రే మాత్రం తప్పదు.

"అయితే మొదటి రిపోర్టు తప్పా అండీ?" అని అడిగింది సలోమి.

కాదన్నాను. అది పరీక్షించిన ముక్క గురించి మాత్రమే చెప్పింది. ఆ కణాలు మొదట్నించీ ఉన్నాయో, తర్వాత పుట్టాయో నాకిప్పటికీ తెలియదు. తేలని కేసులో, తర్వాత సరిదిద్దుకోగల పనే ముందు చేయాలని ఆమె కేసుతో నేర్చుకున్నాను.